పద్దెనిమిది నిండాక ఏ డాక్టరు దగ్గరికి?



పిల్లల ఆసుపత్రిలో ఓపీ చీటీ రాసే కౌంటరు దగ్గర ఒక ప్రశ్న తప్పకుండా అడుగుతారు: వయసెంత? కొన్నిచోట్ల పన్నెండు దాటితే పెద్దల వైపు వెళ్ళమంటారు, కొన్నిచోట్ల పద్నాలుగు, మరికొన్నిచోట్ల పద్దెనిమిది దాకా చూస్తారు. మామూలు పిల్లలకు ఇది పట్టించుకునే విషయమే కాదు. జ్వరమొస్తే వీధి చివరి డాక్టరు దగ్గరికి బండేసుకుని వాళ్ళే వెళ్ళొస్తారు. ఆటిజం, డౌన్ సిండ్రోమ్, సెరిబ్రల్ పాల్సీ, బుద్ధిమాంద్యం ఉన్న పిల్లల ఇళ్ళలో మాత్రం ఆ ప్రశ్నకు జవాబు చెప్పాలంటే గొంతు పెగలదు. పదిహేనేళ్ళుగా చూస్తున్న డాక్టరు ఒకరోజు, "అమ్మా, ఇక మీవాణ్ణి పెద్దవాళ్ళ డాక్టరుకు చూపించుకోండి" అంటారు. ఎవరికి చూపించాలో చెప్పరు. చాలాసార్లు వాళ్ళకీ తెలియదు. నేనూ పిల్లల డాక్టర్నే. మా వాళ్ళ మీద నిష్ఠూరంగా అంటున్న మాట కాదిది, ఉన్న సంగతి.

నా గది బయట గోడ మీద జిరాఫీ బొమ్మ ఉంది, పిల్లల ఎత్తు కొలవడానికి. దాని తలను ఎప్పుడో దాటిపోయిన కుర్రాళ్ళు ఆ బుల్లి కుర్చీల్లో మోకాళ్ళు ముడుచుకుని కూర్చుంటారు. వాళ్ళను పంపడం నాకు ఇష్టముండదు, వెళ్ళడం వాళ్ళమ్మకు ఇష్టముండదు. అలా ఇరవై రెండు, ఇరవై మూడు వచ్చేస్తాయి. షుగరు, బీపీ, రాత్రిళ్ళు ఊపిరి ఆగిపోయే గురక నేను రోజూ చూసే జబ్బులు కావు. ఎంత ముద్దుగా చూసుకున్నా, ఎదిగిన మనిషికి పిల్లల వైద్యం చేయడం నష్టమే.

ఒకప్పుడు ఈ ప్రశ్న ఇంతగా వచ్చేది కాదు. కారణం చెప్పుకోవడానికి కష్టంగా ఉంటుంది, వీళ్ళలో చాలామంది అంతదాకా బతికేవారు కారు. అమెరికా లెక్కల్లో 1983లో డౌన్ సిండ్రోమ్ ఉన్నవారి సగటు ఆయుర్దాయం 25 ఏళ్ళు. ఇప్పుడది 60కి దగ్గర్లో ఉంది. డౌన్ సిండ్రోమ్‌తో పుట్టిన పిల్లల్లో సుమారు సగం మందికి గుండెలో ఏదో ఒక లోపం ఉంటుంది. దాన్ని పసితనంలోనే ఆపరేషన్ చేసి సరిచేయడం మొదలయ్యాక, పిల్లల్ని ఎక్కడో సంస్థల్లో వదిలేయకుండా ఇంట్లో పెంచుకోవడం పెరిగాక, లెక్క మారిపోయింది. అంటే వీళ్ళకు యాభై వస్తుంది, అరవై వస్తుంది. అప్పటికి మనం ఉండం.

మన ప్రభుత్వ ఏర్పాట్లు కూడా ఆ పద్దెనిమిది దగ్గరే ఆగుతాయి. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం పుట్టిన బిడ్డ నుంచి 18 ఏళ్ళ వరకే. దాని కింద జిల్లా ఆసుపత్రుల్లో నడిచే డీఈఐసీ అనే తొలి చికిత్సా కేంద్రాలు పిల్లలవే. ప్రత్యేక అవసరాలున్న పిల్లలకు మండలంలో ఉండే భవిత కేంద్రం బడి వయసు వాళ్ళది. వారానికోసారి ఫిజియోథెరపీ, టీచరమ్మ పలకరింపు, తోటి తల్లులతో కష్టసుఖాలు, అన్నీ ఒక్కసారే ఆగిపోతాయి. సికింద్రాబాదు మనోవికాస్ నగర్‌లో 1984 నుంచి ఉన్న మేధోవైకల్యాల జాతీయ సంస్థలో, ఇప్పటికీ జనం ఎన్.ఐ.ఎమ్.హెచ్. అనే పిలిచే చోట, పెద్దయినవారి స్వతంత్ర జీవనానికి ఒక విభాగం ఉంది. కానీ పాడేరు నుంచో, ఆదిలాబాదు నుంచో అక్కడికి నెలనెలా ఎవరు వెళ్ళగలరు? చివరికి దొరికేది దగ్గర్లో ఉన్న జనరల్ మెడిసిన్ డాక్టరు. ఆయన ఓపీలో మనిషికి దొరికేది రెండు నిమిషాలు. అబ్బాయి కుదురుగా కూర్చోడు. లోపలికి వస్తూనే ఫ్యాను స్విచ్చి మీద చెయ్యి వేస్తాడు. డాక్టరు తల్లి వైపు చూసి, "ఏంటమ్మా ప్రాబ్లెమ్?" అంటారు. ఆవిడ పద్దెనిమిదేళ్ళ కథ రెండు నిమిషాల్లో చెప్పాలి.

ఆవిడ దగ్గర ఏముంటుంది? ఒక బట్టల షాపు కవరు. అందులో డిశ్చార్జి కాగితాలు, ఈఈజీ, ఎమ్మారై ఫిల్ములు, అక్షరాలు చెరిగిపోయిన మందుల బిల్లులు, నాలుగు ఆసుపత్రుల చీటీలు, ముందూ వెనకా లేకుండా ఉంటాయి. అసలు విషయం కవరులో లేదు. అది ఆవిడ తలకాయలో ఉంది. ఏ మాత్ర వేస్తే ఒళ్ళంతా దద్దురొచ్చింది, ఫిట్సు రాబోయే ముందు కళ్ళు ఎటు తిరుగుతాయి, సూది వేయించాలంటే ఎవరు చెయ్యి పట్టుకోవాలి, ఇవన్నీ ఒక్క మనిషి జ్ఞాపకంలో ఉన్నాయి. ఆ మనిషికి ఒకరోజు జ్వరమొస్తే? నేనివాళ చెప్పదలచుకున్నదంతా ఇంతే. డాక్టరు మారడం కంటే ముందు జరగాల్సింది, తల్లి తలలో ఉన్నది కాగితం మీదికి, ఆ తర్వాత మరో ఇద్దరు ముగ్గురి తలల్లోకి చేరడం. దీనికి పద్దెనిమిది దాకా ఆగకూడదు. అమెరికాలో పిల్లల డాక్టర్ల సంఘం, పెద్దల డాక్టర్ల సంఘాలు కలిసి 2011లో ఇచ్చి 2018లో సవరించిన సూచనల్లో 12 ఏళ్ళప్పుడే మాట మొదలుపెట్టి, 14కల్లా ప్రణాళిక వేసుకోమన్నారు. మనకు పద్నాలుగు అనుకుందాం.

కాగితం, పెన్ను దగ్గర్లో ఉంటే తీసుకోండి. ఒక్క పేజీ చాలు. రెండో పేజీ ఏ డాక్టరూ తిప్పడు.

పైన పేరు, ఇంట్లో ఏమని పిలిస్తే పలుకుతాడో ఆ పేరు, పుట్టిన తేదీ, బరువు. కింద జబ్బు పేరు, మందులు. మందు పేరు, ఎన్ని మిల్లీగ్రాములు, ఏ వేళకు. ఇవి మీ పిల్లల డాక్టరు చేత ఇంగ్లీషులోనే రాయించండి. ఆ తర్వాత ఎర్ర ఇంకుతో, పడని మందులు. ఇక్కడి నుంచి మీ సొంత మాటల్లో రాయండి, తెలుగులోనే. నొప్పి వస్తే ఎలా తెలుస్తుంది? ఒకావిడ రాసింది చెబుతాను: "మావాడికి కడుపునొప్పి వస్తే కడుపు పట్టుకోడు. గుమ్మంలో చెప్పులు మళ్ళీ మళ్ళీ సర్దుతాడు. బీపీ పట్టీ ముందు వాడి చేతికే ఇవ్వండి, వాడే చుట్టుకుని చూస్తాడు, అప్పుడు చుట్టనిస్తాడు. వద్దనుకుంటే నోరు మూసుకుంటాడు, అది మొండితనం కాదు, జవాబు." డ్యూటీ డాక్టరుకు అర్ధరాత్రి పనికొచ్చేది ఈ నాలుగు ముక్కలే. చివర్లో రెండు ఫోన్ నంబర్లు, రెండూ ఒకే ఇంట్లోవి కాకుండా. ఈ పేజీని ఫోనులో ఫొటో తీసి పెట్టుకోండి, ఇంట్లో బీరువా తలుపుకు ఒకటి అంటించండి. మందు మారినప్పుడల్లా పాతది చించేయండి. పాత పేజీ ఉండటం కంటే అసలు లేకపోవడమే మేలు.

ఇక అబ్బాయి సంగతి, అమ్మాయి సంగతి. మనం చర్చిస్తున్నది వాళ్ళ ఒంటి గురించి. డాక్టరు గదిలో వాళ్ళతో మాట్లాడే వాళ్ళే ఉండరు. పన్నెండేళ్ళ నుంచే ఒక్కొక్కటీ వాళ్ళకు వదిలిపెట్టాలి. ఓపీ చీటీ వాళ్ళ చేతికివ్వండి. పేరు అడిగితే మీరు చెప్పేయకండి, ఆగండి, నిమిషం పట్టినా ఆగండి. పొద్దున పసుపు మాత్ర సగం, రాత్రి తెల్లది ఒకటి అని రంగులతో నేర్చుకున్న పిల్లల్ని నేను చాలామందిని చూశాను. చదువు రాకపోయినా, షాపువాడు వేరే కంపెనీ మాత్ర ఇస్తే, "ఇది కాదు" అని గొడవ చేసి ఆపుతారు. మాటలే రాని పిల్లలుంటారు. వాళ్ళకు కూడా రక్తం ఏ చేతి నుంచి తీయాలో చూపించే వీలుంటుంది కదా? అది చిన్న విషయంగా కనిపించొచ్చు. ఆ ఒక్కటీ వాళ్ళకు వదిలితే, రెండో చెయ్యి గట్టిగా పట్టుకోవడానికి నలుగురు అక్కర్లేకుండా పోతారు.

పెద్దయ్యే వయసులో ఒంట్లో వచ్చే మార్పుల్లో మనం ఎక్కువగా పొరబడేది ఒకటుంది. ఏది వచ్చినా పాత జబ్బు ఖాతాలో రాసేస్తాం. ఆటిజం ఉన్న ఒక ఇరవై ఏళ్ళ కుర్రాడు ఉన్నట్టుండి దవడ మీద కొట్టుకోవడం మొదలుపెట్టాడు. అన్నం ముట్టడు, నిద్ర లేదు. చూసిన చోటల్లా, "ఆటిజంలో ఇలాగే ఉంటుంది" అని నిద్రమాత్రల డోసు పెంచుకుంటూ పోయారు. వాడు మగతగా కొట్టుకునేవాడు, అంతే తేడా. వాళ్ళ అక్క ఒకరోజు పళ్ళు తోమిస్తూ టార్చి వేసి చూసింది. జ్ఞానదంతం కింద చీము పట్టి ఉంది. పన్ను తీసిన నాలుగో రోజు నుంచి కొట్టుకోవడం లేదు. అందుకే అడుగుతున్నాను, మీ పిల్లల ప్రవర్తన హఠాత్తుగా మారితే, మాత్ర పెంచే ముందు నోరు చూడండి, చెవి చూడండి, విరేచనం ఎన్నాళ్ళైంది అని లెక్క చూడండి, మూత్రంలో మంట ఉందేమో పరీక్ష చేయించండి. సెరిబ్రల్ పాల్సీ ఉన్నవారైతే తుంటి కీలు చూడండి. ఏళ్ళ తరబడి మలబద్ధకంతో బాధపడుతున్నా ఎవరూ అడగని పిల్లలు లెక్కలేనంత మంది.

డౌన్ సిండ్రోమ్ ఉన్నవారికి థైరాయిడ్ తక్కువగా పనిచేయడం చాలా మామూలు. మందకొడిగా ఉంటాడు, లావెక్కుతాడు, పని మీద మనసుండదు. ఇంట్లో, "వాడంతే" అంటారు. చవకైన ఒక రక్తపరీక్షతో తేలిపోయే విషయమిది. 2020లో వచ్చిన వైద్య మార్గదర్శకాల ప్రకారం వీళ్ళకు 21వ ఏట నుంచి ఏడాదికో రెండేళ్ళకో ఒకసారి థైరాయిడ్, 30 నుంచి షుగరు పరీక్ష చేయాలి. 40 నుంచి మతిమరుపు లక్షణాల కోసం ఏటేటా చూడాలి, ఎందుకంటే అల్జీమర్స్ వీళ్ళకు మిగతావారికంటే చాలా ముందు వస్తుంది.

ఫిట్సు మందులది వేరే కథ. పిల్లలకు డోసు బరువును బట్టి కడతాం. పన్నెండు కిలోలప్పుడు మొదలుపెట్టిన సిరప్‌నే కాస్త కాస్త పెంచుకుంటూ అరవై కిలోల మనిషికి ఇంకా సీసా మూతతో కొలిచి పోస్తున్న ఇళ్ళున్నాయి. కొన్ని పాత ఫిట్సు మందులు ఏళ్ళ తరబడి వాడితే ఎముకలు బలహీనపడతాయి, కొన్నిటికి చిగుళ్ళు వాస్తాయి. వాల్‌ప్రొయేట్ వాడే ఆడపిల్లలు పెద్దమనిషయ్యాక న్యూరాలజిస్టును ఒకసారి తప్పకుండా కలవాలి. గర్భంలో బిడ్డకు ఆ మందు చేసే హాని ఎక్కువ. విన్నాం కదా అని రేపటి నుంచి మాత్ర మానేయకండి. ఫిట్సు మందు ఉన్నపళంగా ఆపితే ప్రాణం మీదికొస్తుంది.

ఆడపిల్లల మాట వచ్చింది కాబట్టి, రేడియోలో ఎవరూ అనని మాట ఒకటి అంటాను. "డాక్టరుగారూ, నెలనెలా మేం పడలేకపోతున్నాం, గర్భసంచి తీయించేద్దామా?" అని తల్లులు తలుపు వేశాక గొంతు తగ్గించి అడుగుతారు. వాళ్ళ అవస్థ నాకు తెలుసు. 1994లో మహారాష్ట్రలో శిరూర్ ప్రభుత్వ హోంలోని బుద్ధిమాంద్యం ఉన్న ఆడపిల్లలకు పుణె ఆసుపత్రిలో గర్భసంచులు తీసేస్తే దేశమంతా గగ్గోలైంది. ఇప్పుడు 2016 దివ్యాంగుల హక్కుల చట్టం పదో సెక్షన్ స్పష్టంగా చెబుతోంది: సంతానం కలగకుండా చేసే ఏ చికిత్సయినా ఆ మనిషి స్వేచ్ఛగా, తెలిసి ఒప్పుకోకుండా చేయకూడదు. అదీగాక ఆ ఆపరేషన్ ఆ పిల్లను ఎవరి నుంచీ కాపాడదు. ప్యాడ్ మార్చుకోవడం బొమ్మల సాయంతో, రోజూ అదే వేళకు, అదే వరసలో నేర్పితే చాలామంది నేర్చుకుంటారు. రక్తస్రావం ఎక్కువైతే, నొప్పి ఎక్కువైతే మందులున్నాయి. దానికి లేడీ డాక్టరును కలవండి.

కాగితాల సంగతి గబగబా చెప్పేస్తాను. వైకల్యాన్ని ధ్రువీకరించే సదరం సర్టిఫికెట్ కోసం, పింఛను కోసం క్యాంపుల చుట్టూ తిరగని కుటుంబం లేదు. అదే ఓపిక మరి రెండిటి మీద పెట్టండి. ఒకటి సంరక్షకత్వం. పద్దెనిమిది నిండగానే, చట్టం దృష్టిలో మీ అబ్బాయి మేజరు. తల్లిదండ్రులైనా వాళ్ళంతట వాళ్ళే సంరక్షకులైపోరు. చాలా ఆసుపత్రుల్లో మీ సంతకమే తీసుకుంటారు, ఏళ్ళ తరబడి ఏ ఇబ్బందీ రాదు. వచ్చిన రోజున మాత్రం కాగితం అడుగుతారు. 1999 నేషనల్ ట్రస్ట్ చట్టం కింద ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, బుద్ధిమాంద్యం, బహుళ వైకల్యాలు ఉన్నవారికి జిల్లా కలెక్టరు అధ్యక్షతన ఉండే స్థానిక కమిటీయే సంరక్షకుణ్ణి నియమిస్తుంది. కోర్టు మెట్లెక్కే పనిలేదు. అయితే ఇది అందరికీ అక్కర్లేదు. కాస్త సాయంతో తన నిర్ణయం తాను తీసుకోగలిగిన కుర్రాడి నుంచి ఆ అధికారం ఊరికే లాక్కోకండి. 2016 చట్టం కూడా ఆ మనిషీ, సంరక్షకుడూ కలిసి తీసుకునే నిర్ణయాలకే, పరిమితమైన సంరక్షకత్వానికే మొగ్గు చూపింది.

రెండోది డబ్బు. చాలా కంపెనీల గ్రూపు ఇన్సూరెన్సులో పిల్లల పేరు 25 ఏళ్ళ దగ్గర తీసేస్తారు. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగుల ఆరోగ్య పథకం సీజీహెచ్‌ఎస్‌లో శాశ్వత వైకల్యం ఉన్న కొడుక్కి ఆ వయోపరిమితి లేదు. నేషనల్ ట్రస్ట్ వారి నిరామయ బీమా లక్ష రూపాయల దాకా వర్తిస్తుంది, వయసు అడ్డు లేదు, ముందస్తు వైద్య పరీక్షలు అడగరు. ఓపీ ఖర్చులకు, థెరపీలకు కూడా కొంత ఇస్తుంది. ముందు మనం ఖర్చుపెట్టి, బిల్లులు పంపి తెచ్చుకోవాలి, ఏటా రెన్యువల్ చేయించాలి. లక్షతో పెద్ద ఆపరేషన్లు కావు, నాకూ తెలుసు. ఇంకొక మాట, అదే 2016 చట్టం 25వ సెక్షన్‌లో ఆసుపత్రుల్లో దివ్యాంగులను ముందు చూడాలని ఉంది. ఓపీ వరసలో గంటలు గంటలు నిలబడలేని పిల్లలతో వెళ్ళినప్పుడు ఈ సంగతి మొహమాటపడకుండా సూపరింటెండెంటు గదిలో చెప్పండి.

ఇంత చెప్పాను గానీ, కాగితం రాసినంత మాత్రాన అంతా అయిపోదని ఒక చావు నేర్పింది. ఇంగ్లండులో ఆలివర్ మెక్‌గోవన్ అనే పద్దెనిమిదేళ్ళ కుర్రాడు. స్వల్పంగా ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, ఫిట్సు. మానసిక జబ్బులకు వాడే ఒక రకం మందులు అతనికి పడవని ముందే తెలుసు. 2016లో ఫిట్సుతో బ్రిస్టల్‌లో ఆసుపత్రిలో చేర్చారు. ఆ మందు వద్దని అతనూ చెప్పాడు, అమ్మానాన్నలూ చెప్పారు. అయినా ఇచ్చారు. మెదడు వాచి, నవంబరులో చనిపోయాడు. తల్లి పాలా మెక్‌గోవన్ ఏళ్ళపాటు పోరాడింది. 2022లో బ్రిటన్ చేసిన చట్టంతో, ఇంగ్లండులో ఆరోగ్య సేవల్లో పనిచేసేవారందరికీ ఆటిజం, మేధోవైకల్యం గురించి శిక్షణ తప్పనిసరైంది. ఆ శిక్షణకు ఆలివర్ పేరే పెట్టారు. మేధోవైకల్యం ఉన్నవారికి 14 ఏళ్ళ నుంచి ఏటా ఒకసారి తమ కుటుంబ డాక్టరు దగ్గర పూర్తి ఆరోగ్య పరీక్ష కూడా అక్కడ ఉంది. ఏటా ఆరోగ్య పరీక్ష జరిగే దేశంలోనే వినేవాళ్ళు లేక ఒక ప్రాణం పోయింది.

అందుకే ఆ కొత్త డాక్టరు దగ్గరికి జబ్బు చేసినప్పుడు మొదటిసారి వెళ్ళకండి. బాగున్నప్పుడు వెళ్ళండి. సాయంత్రం ఓపీ పలచబడ్డాక, చివరి చీటీ తీసుకుని వెళ్ళి, పేజీ బల్ల మీద పెట్టి, అబ్బాయిని కూర్చోబెట్టండి. వెలుతురు, వాసన, మనిషి గొంతు అలవాటు కానివ్వండి. కుదిరితే పాత డాక్టరు చేత ఒక ఫోను చేయించండి. ఏడాది పాటు ఇద్దరి దగ్గరా చూపించుకున్నా తప్పులేదు. నా తోటి ఫిజీషియన్లకు ఒక్క మనవి: ఆ రెండు నిమిషాల్లో మొదటి ప్రశ్న అబ్బాయిని అడగండి. జవాబు రాకపోయినా అడగండి. ఇరవై రెండేళ్ళ మనిషిని "ఏరా బుజ్జీ" అనకండి, పేరు పెట్టి పిలవండి.

తల్లులకు ఒక పని చెప్పి ముగిస్తాను. ఈ పండక్కి రెండు రోజులు మీరు ఊరెళ్ళండి, నిజంగానే. ఇంటి తాళాలు, మాత్రల డబ్బా, ఆ పేజీ మీ చెల్లెలికో, మరిదికో, హైదరాబాదు నుంచి సెలవుకొచ్చిన పెద్దబ్బాయికో ఇచ్చి వెళ్ళండి. "నేను పెడితే తినడం లేదే అక్కా, ఎలా?", "మాత్ర నీళ్ళతోనా, అరటిపండులో పెట్టా?" అని ఫోన్లు వస్తాయి. జవాబు చెప్పండి, బయల్దేరి వచ్చేయకండి. వాళ్ళడిగిన ప్రతి ప్రశ్నా మీ పేజీలో లేనిదే అయి ఉంటుంది. తిరిగొచ్చాక దాన్ని కొత్తగా రాయండి.